నవీకరణ సాధనముల వివరణపత్రములు – పెరియకుళము తెలుగువారి లిఖితసంపద

మధుర నగరమునకు పడమటివైపున, పళని కొండల పాదమున, వరాహనది యొడ్డున పెరియకుళము వెలసియున్నది. తరతరములుగా మధుర జిల్లాలో భాగమైయుండిన ఈ పట్టణము 1996లో తేని జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. మామిడి తోటలకు ఈ ప్రాంతము పేరెన్నిక గన్నది. ఊరి చేరువనే వడుగపట్టి యను గ్రామము కలదు; అచటి వెల్లుల్లి సంత నలుదెసల ప్రసిద్ధము. తమిళులు తెలుగువారిని ‘వడుగ’రనిరి, అనగా ఉత్తరదేశీయులని. ఆ గ్రామనామము విన్నంతనే మనవారి పూర్వపు ఉనికి స్ఫురించుచున్నది.

పదునాఱవ శతాబ్దిలో మధురరాజ్యము విశ్వనాథనాయకుని చేతికి వచ్చినపుడు దళవాయి అరియనాథ మొదలియారు దేశమును 72 పాళెములుగా విభజించెనని ప్రతీతి. బోడినాయకనూరు, గండమనాయకనూరు మున్నగు పేరులు ఈ చుట్టుపట్ల నాటి పాళెగాండ్రను నేటికిని తలపింపజేయుచున్నవి. కమ్మవారు, బలిజలు, కాపులు, రాజకంబళమువారు, అరుంధతీయులు మొదలగు పెక్కు శాఖలవారు ఇచట ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలోను, సంతలోను, కచేరీలోను తమిళము చదువుదురు, వ్రాయుదురు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళభాషాభ్యసన చట్టము 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటేట పై తరగతికి సాగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తెలుగు లిపి చదువగల బాలబాలికల సంఖ్యపై దీని ప్రభావము ఎట్టిదో భాషాల్పసంఖ్యాకుల పాఠశాలల నెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి సమాజమున తెలుగున వ్రాసియుంచిన ప్రతి పుటకును ఒక విలువ కలదు. తాళపత్రములు, దస్తావేజులు, కులవంశావళులు పోగా, గడచిన ముప్పది నలువది యేండ్లలో సంఘముల సభ్యుల పట్టికలు, వివాహపత్రికలు, వార్షిక సంచికలు, బడి ప్రశ్నపత్రములు కంప్యూటరులలో కూర్పబడినవి. ఆ కంప్యూటరులు పాతబడినపుడు, లేక వానిని నడిపించు నిర్వహణవ్యవస్థ మార్చబడినపుడు, ఆ వ్రాతలకేమగును? ఆ మార్పును జరిపించు సాధనమునకు తోడుగా వచ్చు వివరణపత్రము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పక విడిచినది? ఈ ప్రశ్నకు ఆ వివరణపత్రముల చరిత్రనుండి సమాధానము వెదకుటకే ఈ వ్యాసము.

పాతదానినుండి క్రొత్తదానికి వ్రాతను మార్చుట మనకు క్రొత్త కాదు. తాటియాకు శాశ్వతము కాదు. పురుగు తినును, అంచులు విఱుగును. అందుచే ప్రతితరమువారును పాతప్రతిని చూచి క్రొత్తప్రతి వ్రాసికొనిరి. తంజావూరు సరస్వతీమహలునందును, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకాలయమునందును ఉన్న తెలుగు తాళపత్రములలో పెక్కింటికి ఇట్టి చరిత్రయే కలదు. లేఖకుడు గ్రంథాంతమున తన పేరును, వ్రాసిన తిథివారములను చెప్పి, తాను చూచినది చూచినట్లు వ్రాసితిననియు, తప్పులున్న పెద్దలు దిద్దికొనవలయుననియు విన్నవించుకొనుట వాడుక. ఆ నాలుగు పంక్తులు మిగుల ప్రయోజనకరములు. మాతృక యెట్టిది, మార్పు జరిగినది ఎన్నడు, దోషమునకు తావెక్కడ అను సంగతులు అందుండి తెలియును. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపయందు పండితులను, లేఖకులను జీతమిచ్చి నిలిపి, ఒకే కావ్యమునకు పెక్కుప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించినపుడు ఆయనకు తోడ్పడినవి ఇట్టి గుఱుతులే. ఒక ప్రతిలోని లోపము మఱియొక ప్రతివలన దిద్దబడెను.

నిర్వహణవ్యవస్థ, అనగా వాడుకలో ఆపరేటింగ్ సిస్టమ్, యంత్రమునకును దానిపై పనిచేయు కార్యక్రమములకును నడుమ నుండి అన్నిటిని నడపు మూలకార్యక్రమము. విండోస్, డెబియన్, ఉబుంటు, ఫెడోరా మున్నగునవి ఈ జాతివి. వీనిలో నొక్కొక్కదానికి కొంతకాలమునకు క్రొత్త విడుదల వచ్చును. పాత విడుదలకు సంరక్షణ ఆగిపోవును. ఇంటిలోని సామాను కదల్పకయే ఇంటి పునాదిని మార్చుట వంటి ఈ పనిని చేయు కార్యక్రమమే నవీకరణ సాధనము. దానిని వాడువాడు ఏమి ముందు చేయవలెను, ఏమి చేయరాదు, నడుమ ఆగిపోయినచో మార్గమేది యను సంగతులను చెప్పునది వివరణపత్రము. పెక్కుచోట్ల సాధనము మేలైనది, వివరణపత్రము కొఱతగలది. దీనివలన నష్టపోవువాడు సాధనము వ్రాసినవాడు కాడు.

తమిళనాట ఈ విషయము సామాన్యజనులకు దగ్గఱయగుట 2011లో అని చెప్పవచ్చును. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌ల పంపిణీని ఆరంభించినది. ప్రభుత్వ పాఠశాలలు, ప్రభుత్వసహాయము పొందు పాఠశాలలు, కళాశాలల విద్యార్థులకు లక్షలకొలది యంత్రములు అందినవి. అంతవఱకు కంప్యూటరును బడిలోనో పేటలోని దుకాణములోనో చూచిన బిడ్డలు తమ యింటనే దానిని తెఱచిరి. వానిలో విండోస్‌తోపాటు ‘బాస్’ అను నిర్వహణవ్యవస్థను ఉంచిన విడతలు కలవు. ‘బాస్’ అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో వెలువరించినది. తెలుగు, తమిళము మొదలుగా పెక్కు భారతీయభాషలలో పనిచేయునట్లు కూర్చిన ఈ వ్యవస్థకు ఆధారము డెబియన్. కావున డెబియన్ వివరణపత్రముల చరిత్ర పరోక్షముగా మన పిల్లల పెట్టెలలోని యంత్రములకును చెందినదే.

డెబియన్ 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన స్వచ్ఛంద కార్యము. దాని ప్రతి విడుదలతోపాటు ‘విడుదల వివరములు’ అను పత్రము వెలువడును. అందు నాలుగవ అధ్యాయము పూర్తిగా పాతవిడుదలనుండి క్రొత్తదానికి వచ్చు విధానమునకే కేటాయింపబడినది. ఈ అధ్యాయమును ఏటికేడు పోల్చి చదివినచో, అందలి ఒక్కొక్క వాక్యము వెనుక ఎవరో ఒకరు పడిన పాటు కనబడును.

2005లో ‘సార్జ్’ అను విడుదల వచ్చినపుడు, ‘ఆప్టిట్యూడ్’ అను సాధనముతో నవీకరింపుడని ఆ పత్రము చెప్పెను. ఒక కార్యక్రమము మఱియొకదానిపై ఆధారపడియుండు సంబంధములను అది నాడు మేలుగా పరిష్కరించుచుండుటయే కారణము. తరువాత ‘ఎచ్’, ‘లెన్నీ’ విడుదలలకును అదే సలహా. 2011లో ‘స్క్వీజ్’ వచ్చుసరికి సలహా తలక్రిందులైనది. ‘ఆప్ట్-గెట్’ను వాడవలెనని వ్రాసిరి. ఆఱు సంవత్సరములు ఒకమాట విని, దానిని చేతిపుస్తకములో వ్రాసికొన్నవాడు క్రొత్తపత్రము చదువనిచో పాతమాటనే పాటించును. సలహా మారినది గాని, మారినదను సంగతి పాత చేతిపుస్తకమునకు తెలియదు.

ఆ 2011 నాటి పత్రముననే మఱియొక ముఖ్యమైన హెచ్చరిక యున్నది. పాత పద్ధతిలోని డిస్కులకు అంతకుమునుపు ‘హెచ్‌డీఏ’ యని పేరు. క్రొత్త విడుదలలో వానిని నడుపు భాగము మారుటచే అవి ‘ఎస్‌డీఏ’ యని పిలువబడెను. పాతపేరు వ్రాసియున్న పట్టికతో యంత్రము తిరిగి లేచినచో, ఆ పేరుగల డిస్కు లోకమున లేదు. పెరియకుళమువారికి ఇది సులభముగ బోధపడును: జిల్లా మారిన తరువాత పాత మధుర జిల్లా పేరుతోనే వ్రాసిన ఉత్తరము వంటిది. తపాలావాడు ఊరి నెఱిగినవాడైనచో తెచ్చియిచ్చును, యంత్రమునకు ఆ దాక్షిణ్యము లేదు. అందుచే మారెడి పేరునకు బదులు, డిస్కునకు మారని గుర్తింపుసంఖ్యను పట్టికలో వ్రాసికొనవలెనని ఆ పత్రము బోధించినది.

ఈ అధ్యాయమున స్థిరపడిన కొన్ని సలహాలు మిక్కిలి అనుభవపూర్వకములు. ఒక్కసారిగా సంపూర్ణ నవీకరణము చేసినచో, క్రొత్తవానికి చోటు కలిగించుటకై సాధనము వాడుకరికి కావలసిన కార్యక్రమములనే పెద్దసంఖ్యలో తొలగింపవచ్చును. కావున మొదట దేనిని తొలగింపకుండ జరుగు చిన్న నవీకరణము, పిదప సంపూర్ణ నవీకరణము అని రెండు మెట్లు విధించిరి. డిస్కులో తగినంత చోటున్నదో లేదో ముందే చూచికొనుమనిరి. ఏ తెరపైనుండి నవీకరింపవచ్చును, దేనిపైనుండి కూడదు అని చెప్పిరి. ఏలయన నవీకరణమున నడుమ ఆ తెరను చూపు భాగమే ఆగి మరల మొదలిడవచ్చును. కూర్చున్న కొమ్మను నఱకుకొనవలదను మాటకు ఇది యంత్రరూపము. అమరికల ఫైళ్లను, స్థాపితమైన కార్యక్రమముల పట్టికను వేఱొకచోట దాచికొనుమనిరి. మఱియు ఒక విడుదలను దాటి పైదానికి ఎగురరాదు, మెట్టుమెట్టుగా రావలెను.

వీనిలో ఒకటి ప్రత్యేకముగా పేర్కొనదగినది. నవీకరణము జరుగుచున్నంతసేపు తెరపై వచ్చు ప్రతి పంక్తిని ‘స్క్రిప్ట్’ అను చిన్న సాధనముతో ఒక ఫైలులో నమోదు చేయుమని ఆ పత్రము చెప్పును. ఏదైన చెడినచో ఆ నమోదే సాక్ష్యము. అంతటితో ఆగక, నవీకరణ నివేదికలను స్వీకరించుటకు డెబియన్‌వారు తమ దోషపట్టికలో ఒక ప్రత్యేక ఖాతా తెఱచియుంచిరి. అచట చేరిన కష్టములు మరుసటి పత్రమున హెచ్చరికలగును. పండితుల చేతికి వచ్చిన పెక్కుప్రతులవలన బ్రౌను కావ్యములను దిద్దించినట్లు, పెక్కుయంత్రముల నివేదికలవలన ఈ పత్రము దిద్దబడుచున్నది. ఇదియే వివరణపత్రముల సంస్కరణకు మూలసూత్రమని చెప్పుటలో అతిశయోక్తి లేదు. వ్రాసినవాని తెలివి ఒక్కటియే చాలదు. చదివి తొట్రుపడినవాని మాట వెనుకకు చేరు దారి యుండవలెను.

2021లో ‘బుల్స్‌ఐ’ విడుదలనాడు భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లు వచ్చు చిరునామా యొక్క రూపమే మారినది. అంతకుమునుపు విడుదల పేరు చెప్పి, గీతగీచి, ‘అప్‌డేట్స్’ అని వ్రాయుచుండిరి. ఆ సంవత్సరమునుండి విడుదల పేరునకు ‘సెక్యూరిటీ’ యను మాట చేర్చవలెను. పాతపేరు చెఱిపి క్రొత్తపేరు వ్రాయుటయే పని యని అలవాటుపడినవారికి ఇది ఉచ్చువంటిది. వివరణపత్రమున ఈ సంగతి స్పష్టముగా నున్నది. ఐనను, నవీకరింపబోవువాడు పత్రము నంతను చదువునా? పొడవైన పత్రములో ప్రమాదకరమైన పంక్తిని ఎచట నిలుపవలెననునది ఇంకను తెగని సమస్య.

ఇతర వ్యవస్థల చరిత్ర ఇంత ప్రశాంతముగ సాగలేదు. ఫెడోరావారు 2008లో ‘ప్రీఅప్‌గ్రేడ్’ అను సాధనమును తెచ్చిరి. 2013 జనవరిలో ఫెడోరా 18తో దానికి బదులు ‘ఫెడప్’ వచ్చెను. 2015లో అదియు పోయి ‘డీఎన్‌ఎఫ్ సిస్టమ్-అప్‌గ్రేడ్’ వచ్చినది. ఏడేండ్లలో మూడు పేరులు, మూడు పద్ధతులు. ‘ఫెడప్’ అనునది ఫెడోరా, అప్‌గ్రేడర్ అను మాటల సంక్షేపమే ఐనను, ఆంగ్లమున ఆ ధ్వనికి విసిగి వేసారుట యని అర్థము. పాత వివరణపత్రమును పట్టుకొని క్రొత్త సాధనమును వెదకినవారికి ఆ పేరు సార్థకమే ఐయుండును.

ఉబుంటులో చిక్కు వేఱు. దీర్ఘకాల సంరక్షణగల విడుదల ఏప్రిలులో వెలువడును. పాత దీర్ఘకాల విడుదలలోనున్నవాడు వెంటనే నవీకరణ సాధనమును నడపినచో, క్రొత్తవిడుదల యేదియు లేదని అది చెప్పును. ఇది దోషము కాదు. మొదటి సవరణ విడుదల వచ్చువఱకు, అనగా కొన్ని నెలలు, వేచియుండుట వారి నియమము. నియమము మంచిదే. కాని కారణము చెప్పక ‘లేదు’ అనుటవలన, కొందఱు అభివృద్ధిలోనున్న విడుదలకై నిర్ణయింపబడిన ‘-డి’ యను గుర్తును చేర్చి బలవంతముగ నవీకరింప జూచిరి. ఒక వాక్యము కొఱత ఎంతపని చేయించునో దీనివలన తెలియును.

అంతకంటె ఘోరమైనది 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థకు సంభవించినది. ఆ యేడు అక్టోబరు 2న విండోస్ 10 యొక్క 1809 అను విడుదల వెలువడెను. కొద్దిదినములలోనే దానిని నిలిపివేయవలసి వచ్చెను. నవీకరించిన కొందఱి పత్రములు, చిత్రములు మాయమైనవి. పత్రముల సంచిని వేఱొక డిస్కునకు మార్చికొని, పాతచోట కొన్ని ఫైళ్లను వదలినవారికి ఈ ఆపద వచ్చినది. పాతచోట ఖాళీ సంచులు మిగులుచున్నవని అంతకుముందు విడుదలపై వచ్చిన ఫిర్యాదును తీర్చుటకై చేర్చిన దిద్దుబాటే, ఖాళీ కాని సంచులను కూడ తుడిచివేసినది. నివేదించినవారు పదివేలలో ఒకరి వంతని సంస్థ లెక్క చెప్పెను. గమనింపదగిన సంగతి యేమనగా, విడుదలకు పూర్వమే కొందఱు పరీక్షకులు ఈ నష్టమును నివేదించియుండిరి. బలపఱచినవారు తక్కువగుటచే అది వేల ఫిర్యాదులలో మునిగిపోయినది. అటుపిమ్మట ఫిర్యాదు చేయువాడు నష్టము ఎంత తీవ్రమో తెలుపుటకు వీలు కల్పించిరి. నవంబరు 13న ఆ విడుదల మరల వెలువడెను. పదివేలలో ఒకటి యనుట గణితమునకు స్వల్పమే కావచ్చును. ఒక కుటుంబపు వంశావళి ఒకే ఫైలులో నున్నపుడు ఆ లెక్క పనికిరాదు.

ఇక మన లిపి సంగతి. తెలుగు అక్షరములకు యూనికోడ్‌లో స్థానము 1991లోనే ఏర్పడినది. ఐనను 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడవలెనన్నచో, ప్రాంతీయ అమరికలలోనికి పోయి, సంక్లిష్ట లిపుల తోడ్పాటును విడిగా స్థాపింపవలసియుండెను. అందుకు మూలపు సీడీ కావలెను. ఆ సంగతి తెలియనివారు డబ్బాలు చూచి, ఇందు తెలుగు లేదని తీర్మానించిరి. 2007లో వచ్చిన విస్టానుండి ఆ యిబ్బంది తొలగినది. ఈలోపల అచ్చుకూర్పు పనులన్నియు అను, శ్రీలిపి మొదలగు ఫాంటులతోనే సాగినవి. ఇవి ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు అక్షరఖండములను నిలిపిన ఫాంటులు. ఫాంటు ఉన్నంతవఱకు తెఱపై తెలుగు. ఫాంటు లేనిచో అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్ప. మన సంఘముల సంచికలు, శుభలేఖలు, పట్టికలు పెక్కు ఇట్లు కూర్పబడినవే.

ఇట్టి యంత్రమును నవీకరించినపుడు ఏమగును? ఎక్స్‌పీనుండి విండోస్ 7నకు నేరుగా నవీకరించు దారి లేకుండెను, క్రొత్తగ స్థాపింపవలెను. పాతవన్నియు ‘విండోస్.ఓల్డ్’ అను సంచిలో పడును. ఫైళ్లు అందు భద్రమే. కాని ఫాంటు క్రొత్తవ్యవస్థలో చేరదు, పాత కీబోర్డు కార్యక్రమము పని చేయకపోవచ్చును. వివరణపత్రము తన మాట నిలుపుకొన్నది, ఏ ఫైలును పోలేదు. చదువబోయిన వానికి మాత్రము తెలుగు పోయినది. 2014 ఏప్రిలు 8న ఎక్స్‌పీకి సంరక్షణ ముగిసినపుడు ఈ దారి పట్టినవారు కొల్లలు. సంచిలో ఫైలున్నను అందులో అక్షరము లేనట్లు కనబడు ఈ స్థితిని ఏ సార్వజనిక వివరణపత్రమును వర్ణింపలేదు. దానిని వ్రాసినవారికి ఇట్టి ఫాంటులున్నవని తెలియుటకు దారి లేదు.

ఈ కుప్పనుండి తెలుగును తిరిగి రాబట్టుటకు తెలుగువారే సాధనములు నిర్మించిరి. ఫైర్‌ఫాక్స్ విహరిణికై వెలసిన ‘పద్మ’ అను విస్తరణ, సొంత ఫాంటులలో నున్న వార్తాపత్రికల పుటలను యూనికోడ్‌లోనికి మార్చి చూపుచుండెను. విధి విచిత్రమనవలెను: 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినపుడు పాతపద్ధతి విస్తరణలన్నిటికి ఆ విహరిణియందు తావు లేకపోయెను. పాత రూపముననున్న ‘పద్మ’ యును ఆ కోవలోనిదే. పాత అక్షరములను కాపాడుటకు పుట్టినది నవీకరణమునకే బలియైనది.

2018 ఫిబ్రవరిలో జరిగినదానిని తెలుగు చదువరులు మఱువకుందురు గాక. ఆపిల్ సంస్థ ఫోనులలో తెలుగు ‘జ్ఞా’ అక్షరమును ఒక ప్రత్యేకరీతిలో కూర్చినపుడు, అనగా జకారము, పొల్లు, ఞకారము, నడుమ కంటికి కనబడని ఒక విభాజకచిహ్నము, పిదప దీర్ఘము వచ్చినపుడు, దానిని చూపబోయిన కార్యక్రమము కుప్పకూలుచుండెను. ఎవరైన ఆ అక్షరమును సందేశములో పంపినచో, పుచ్చుకొన్నవాని యంత్రము చిక్కున పడెను. లోకమంతట వార్తలు వచ్చినవి. ఫిబ్రవరి 19న 11.2.6 అను నవీకరణముతో ఈ దోషము తీఱినది. దాని వివరణపత్రము చెప్పినదేమి? కొన్ని అక్షరసమాహారములవలన కార్యక్రమములు ఆగిపోవు దోషము సవరింపబడెనని మాత్రమే. తెలుగు అను మాట అందు లేదు. ఆ నవీకరణము ఎవరి భాషకు సంబంధించినదో, ఎవరు త్వరపడి చేసికొనవలెనో, ఆ భాషవారికి ఆ పత్రమువలన తెలియదు. జ్ఞానమను మాటలోని అక్షరమే ఇట్లు పేరులేనిదైనది.

పై చరిత్రవలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. డెబియన్ పత్రము మెఱుగుపడినది దాని చదువరులు తిరిగి వ్రాయుటవలన. పెరియకుళము, బోడినాయకనూరు, కోయంబత్తూరు ప్రాంతముల తెలుగువారినుండి అట్టి వ్రాత వెనుకకు పోవుట లేదు. ఏలయన పత్రము వారి చేతికి వారు చదువు భాషలో రాలేదు. కోయంబత్తూరు తెలుగువారు యంత్రములకు వెఱచినవారు కారు. జి. డి. నాయుడు వంటి మహనీయుడు యంత్రములను విప్పి, చూచి, తానే క్రొత్తవి నిర్మించినది ఆ గడ్డమీదనే. ఐనను కంటికి కనబడు యంత్రమును విప్పి నేర్చికొనవచ్చును, నవీకరణ సాధనము అట్టిది కాదు. అందు వ్రాతయే పనిముట్టు.

మఱి ఈ ప్రాంతమున ఉపయోగపడు వివరణపత్రము ఏ భాషలో ఉండవలెను? తెలుగులోనేయని చెప్పుట సులభము. కాని ఇంట తెలుగు మాటలాడి తమిళలిపి మాత్రమే చదువువాడు మనలో అధికసంఖ్యాకుడు. ఈ చిక్కునకు పరిష్కారము మన సంగీతవిద్వాంసులు ఏనాడో కనుగొనిరి. త్యాగరాజస్వామి కృతులను తమిళలిపిలో అచ్చువేయునపుడు, ఒకే కకారము క, ఖ, గ, ఘ లకు నిలువవలసి వచ్చుటచే, అక్షరముపై 2, 3, 4 అను చిన్న అంకెలు వేసిరి. ఆ అంకెలను చూచి తెలుగురాని గాయకుడు కూడ తెలుగును దిద్దుకొనుచున్నాడు. హెచ్చరికలను తెలుగులో వ్రాసి, ప్రక్కనే తమిళలిపిలో అట్టి అంకెలతో అచ్చువేసినచో, తండ్రి చదివినది కొడుకు వినగలడు. పండితులకు ఇది రుచింపకపోవచ్చును. లిపి మన ఆత్మయని వారందురు. ఆ మాటను కాదనరాదు. ఐనను డిస్కు తుడిచిపెట్టబడుటకు ముందు చదువవలసిన వాక్యమునకు లిపిశుద్ధికంటె అర్థబోధము ముఖ్యము.

అట్టి పత్రమున మొదట రావలసినది ఫాంటుల పరీక్ష. నవీకరణమునకు పూర్వము ప్రతి తెలుగు ఫైలును తెఱచి, దాని ఫాంటును గౌతమి వంటి యూనికోడ్ ఫాంటునకు మార్చిచూడవలెను. అక్షరము తెలుగుగా నిలిచినచో యూనికోడ్, ఆంగ్లముగా మారినచో పాతపద్ధతిది. రెండవజాతి ఫైళ్లకు ఆ ఫాంటునే ప్రతి తీసి తోడుగా దాచవలెను. అక్షరరూపము చెడని పీడీఎఫ్‌గా ఒక ప్రతి, యూనికోడ్‌లోనికి మార్చి అచ్చుతప్పులు దిద్దిన మఱియొక ప్రతి చేసికొనవలెను. మార్చు సాధనములు సంయుక్తాక్షరములందు, వట్రసుడియందు తప్పుట కలదు గనుక దిద్దుట విడువరాదు. విండోస్ 10లో పాతవిడుదలకు వెనుదిరుగు గడువు మొదట 30 దినములు, 2016నుండి 10 దినములే. వేసవి సెలవులలో నవీకరించి బడి తెఱచినపుడు చూచుకొందమనుకొన్నవానికి ఆ గడువు మించిపోవును. చివర, తెరపై వచ్చిన దోషవాక్యమును వచ్చినట్లే కాగితముపై వ్రాసి, తేదీ వేసి, పేరు పెట్టవలెను. అది తాళపత్రపు చివరనుండు లేఖకుని నాలుగు పంక్తుల వంటిదే. ఆంగ్లము తెలిసిన ఉపాధ్యాయుడు దానిని డెబియన్ నివేదికల ఖాతాకు చేర్పవచ్చును.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ సంరక్షణ ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతాభాగము లేని పాతయంత్రములు పెక్కు మిగిలినవి. వాని యజమానులు డెబియన్ వైపు చూచుట సహజము. డెబియన్ 13, అనగా ‘ట్రిక్సీ’, ఆ యేడు ఆగస్టు 9న వెలువడినది. దాని విడుదల వివరములందు ఒక వాక్యము కలదు: పాత 32 బిట్ల పద్ధతిలో డెబియన్ నడుపుచున్నవారు ఈ విడుదలకు నవీకరింపవలదు, యంత్రము తగినదైనచో 64 బిట్ల పద్ధతిలో క్రొత్తగ స్థాపింపవలెను, కానిచో ఆ యంత్రమునకు విశ్రాంతి నీయవలెను. తన యంత్రమున నడుచుచున్నది ఏ పద్ధతియో తెలిసికొనుటకు ఒక్క ఆదేశము చాలును: ‘డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్’. సమాధానము ‘ఐ386’ అని వచ్చినచో నవీకరణ సాధనమును తాకరాదు. ‘ఏఎండీ64’ అని వచ్చినచో ముందుకు సాగవచ్చును. ఆ వాక్యము ఫ్రెంచి, జర్మను, జపాను మున్నగు భాషలవారికి వారి వారి భాషలలో నున్నది. తెలుగులో లేదు, తమిళములోను లేదు.